నా టీఎస్‌హెచ్ నార్మల్, మరి కడుపులో బిడ్డకు థైరాయిడ్ ఎక్కువ ఎలా అవుతుంది?

విజయవాడ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు, పేట చెప్పొద్దన్నారు. పెద్ద ఉత్తరం కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు 29 ఏళ్లు. పెళ్లయి ఏడాదిన్నర. తొలి చూలు, ఇప్పుడు 26వ వారం. 24 ఏళ్ల వయసులో ఉన్నట్టుండి బరువు తగ్గిపోయి, చేతులు వణుకుతూ, గుండె దడతో నిద్ర పట్టకపోతే డాక్టరుకు చూపించుకున్నారు. థైరాయిడ్ గ్రంథి మితిమీరి పనిచేసే గ్రేవ్స్ వ్యాధి అని తేలింది. గ్రంథిని నెమ్మదింపజేసే కార్బిమజోల్ మాత్రలు ఏడాదిన్నర వాడితే తగ్గింది. మాత్రలు ఆపిన ఏడాదిలోపే తిరగబెట్టింది. అప్పుడు గ్రంథిని లోపలి నుంచే రేడియేషన్‌తో ఆపేసే రేడియో అయోడిన్ ఇచ్చారు. గ్రంథి పనిచేయడం మానేసింది. అప్పటి నుంచి రోజూ పరగడుపున, హార్మోను లోటు తీర్చే థైరాక్సిన్ మాత్ర వేసుకుంటున్నారు. ఇదంతా పెళ్లికి 9 నెలల ముందు సంగతి.

పెళ్లి మాటల్లో వాళ్ల నాన్నగారు "అమ్మాయికి కాస్త థైరాయిడ్ ఉందండీ, పొద్దున్నే ఒక మాత్ర వేసుకుంటుంది" అన్నారట. "ఈ రోజుల్లో థైరాయిడ్ లేనిదెవరికి లెండి" అని అటువైపు వాళ్లు కూడా తేలిగ్గా తీసుకున్నారు. ఆ మాట అక్కడితో అయిపోయింది. భర్తకు ఇవాళ్టికీ తెలిసింది అంతే.

ఐదో నెల దాకా చూసిన డాక్టరమ్మ ఫైల్లో 'హైపో థైరాయిడ్' (థైరాయిడ్ తక్కువ) అని మాత్రమే రాశారు. ఈమె కూడా అంతకు మించి చెప్పలేదు. ఈమధ్య వేరే డాక్టరు దగ్గరికి మారారు. ఆవిడ మాత్రల చీటీ చూసి, "ఇంత చిన్న వయసులో గ్రంథి పూర్తిగా ఎందుకు పోయిందమ్మా?" అని అడిగారు. భర్త బయట బండి పార్కింగ్ చేస్తున్న ఆ రెండు నిమిషాల్లో ఈమె నిజం చెప్పేశారు. డాక్టరు వెంటనే, గ్రేవ్స్ తెచ్చే యాంటీబాడీలు రక్తంలో ఎంత ఉన్నాయో చూసే టీఎస్‌హెచ్ రిసెప్టర్ యాంటీబాడీ పరీక్ష రాశారు. రిపోర్టులో 14 వచ్చింది. ల్యాబ్ ఇచ్చిన గరిష్ఠ హద్దు 1.75. ఆ వారం స్కానింగ్‌లో బిడ్డ గుండె నిమిషానికి 168 సార్లు కొట్టుకుంది. ఎదుగుదల బాగానే ఉంది. కడుపులో బిడ్డను పరీక్షించే ఫీటల్ మెడిసిన్ స్పెషలిస్టుతో మరో స్కానింగ్ చేయించాలని, అవసరమైతే మళ్లీ కార్బిమజోల్ వాడాల్సి రావచ్చని, వచ్చే గురువారం భర్తతో కలిసి రమ్మని చెప్పారు.

ఇంట్లో అత్తగారు "టీఎస్‌హెచ్ నార్మలని రిపోర్టులోనే ఉందిగా, వారానికో స్కానింగ్ ఏమిటి, బిడ్డకు మంచిది కాదు" అంటున్నారు. తెనాలి అవతల పల్లెలో ఉన్న అమ్మ, సీమంతం చేసి పురిటికి తీసుకెళతానని రోజు చూసుకుంటున్నారు. "మా వారు నెమ్మదస్తులే. కానీ నిజం దాచి పెళ్లి చేశారని ఆయన ఒక్క మాట అంటే నేను తట్టుకోలేను. నాకు లేని జబ్బు నా బిడ్డకు ఎలా వస్తుంది? రేడియేషన్ వల్లేనా? గ్రంథే లేని నాకు మళ్లీ ఆ మాత్ర ఎందుకు? రాత్రంతా కడుపు మీద చెయ్యి వేసుకుని కూర్చుంటున్నాను" అని ఉత్తరం ముగించారు.

*

అమ్మా,

మీ ఉత్తరం చదవగానే నాకు ముందు కలిగింది ఊరట. ఆ రెండు నిమిషాల్లో మీరు డాక్టరుకు నిజం చెప్పారు. 26వ వారానికే సంగతి బయటపడింది. గుంటూరులో పిల్లల డాక్టరుగా పనిచేసిన ఇన్నేళ్లలో, ఈ సమస్య బిడ్డ పుట్టి పదిరోజులయ్యాక తెలిసిన సందర్భాలు చూశాను. ఆ తేడా ఎంతో నాకు తెలుసు. గురువారంలోపే మీకు అందాలని మిగతా ఉత్తరాలు పక్కనపెట్టి రాస్తున్నాను.

మీకు లేని జబ్బు బిడ్డకు ఎలా వస్తుందన్నారు. అసలు చిక్కంతా ఆ 'లేని' అన్న మాటలోనే ఉంది. గ్రేవ్స్ అనేది నిజానికి గ్రంథిలో పుట్టే జబ్బు కాదు. మన రక్షణ వ్యవస్థ పొరపాటున ఒక రకం యాంటీబాడీలను తయారుచేస్తుంది. థైరాయిడ్‌ను పనిచేయించమని మెదడు నుంచి వచ్చే హార్మోను పేరు టీఎస్‌హెచ్; ఒంట్లో థైరాయిడ్ హార్మోను తగ్గితే ఇది పెరుగుతుంది, ఎక్కువైతే తగ్గుతుంది. ఆ యాంటీబాడీలు థైరాయిడ్ గ్రంథి మీద టీఎస్‌హెచ్ కూర్చోవాల్సిన చోట కూర్చుని, గ్రంథిని ఆపకుండా పనిచేయిస్తాయి. రేడియో అయోడిన్ మీ గ్రంథిని ఆపింది కానీ యాంటీబాడీలను ఆపలేదు. మీ పెరట్లో మోటారు పీకేశారు, స్విచ్ వేసే చెయ్యి మాత్రం అలాగే ఉంది అనుకోండి. మోటారు లేదు కాబట్టి ఇన్నాళ్లూ ఆ చెయ్యి ఎన్నిసార్లు స్విచ్ వేసినా మీకు తెలియలేదు. ఇప్పుడు కడుపులో ఇంకో చిన్న మోటారు తయారైంది.

ఆ యాంటీబాడీలు మాయ దాటి బిడ్డకు చేరతాయి. తల్లి నుంచి బిడ్డకు రోగనిరోధక శక్తి వెళ్లేదీ ఆ దారిలోనే, అందుకే వాటిని ఆపడం కుదరదు. బిడ్డ థైరాయిడ్ 10-12 వారాలకు అయోడిన్ తీసుకోవడం మొదలుపెడుతుంది. దాదాపు 20 వారాలకు ఈ యాంటీబాడీలకు స్పందించే స్థితికి వస్తుంది. అక్కడి నుంచి నెలలు నిండేకొద్దీ మాయ గుండా వెళ్లే యాంటీబాడీలు ఇంకా పెరుగుతాయి. మీ ఐదో నెల స్కానింగ్ బాగుండటానికి, ఇప్పుడు గుండె వేగం మీద అనుమానం రావడానికి ఇదే కారణం కావచ్చు.

ఇక మీ టీఎస్‌హెచ్ రిపోర్టు. అది మీ ఒంట్లో హార్మోను సరిపోతోందా లేదా అన్నది మాత్రమే చెబుతుంది. మీరు వేసుకుంటున్న మాత్ర సరిపోతోంది కాబట్టి నార్మల్ వచ్చింది. బిడ్డ గ్రంథి ఏం చేస్తోందో ఆ కాగితం చెప్పలేదు. అత్తగారిది తప్పేమీ లేదు, చాలామంది అలాగే అనుకుంటారు. కొన్నిచోట్ల ఆస్పత్రుల్లోనూ 'థైరాయిడ్ మాత్ర వాడుతోంది' అన్న ఒక్క ముక్క రాసుకుని, గ్రంథి ఎందుకు పోయిందని అడగరు. మీ కొత్త డాక్టరు ఆ ప్రశ్న అడిగారు. ఆవిడను వదలకండి.

రేడియేషన్ వల్లేనా అని అడిగారు. మీకు ఇచ్చిన రేడియో అయోడిన్ 8 రోజులకోసారి సగానికి తగ్గిపోతుంది. రెండేళ్ల తర్వాత అది మీ ఒంట్లో ఉండటం, బిడ్డను తాకడం అన్నది లేదు. ఆ చికిత్స తర్వాత ఆడవాళ్లు కనీసం 6 నెలలు గర్భం రాకుండా చూసుకోవాలంటారు, మీరు అంతకంటే చాలా ఎక్కువే ఆగారు. అయితే ఒక మాట దాచను. రేడియో అయోడిన్ తర్వాత యాంటీబాడీలు కొన్ని నెలలు పెరిగి, తగ్గడానికి చాలాకాలం తీసుకుంటాయి, కొందరిలో ఏళ్లు పడుతుంది. ఆ చికిత్స తప్పు కాదు. దాని గురించి గర్భం వచ్చిన మొదట్లోనే డాక్టరుకు చెప్పాలని మీకు ఎవరూ గట్టిగా చెప్పకపోవడం మాత్రం లోటే. మీ మీద మీరు నేరం మోపుకోకండి.

ఎంత భయపడాలి అన్నదానికి వద్దాం. గ్రేవ్స్ ఉన్న తల్లులకు పుట్టే బిడ్డల్లో నూటికి 1 నుంచి 5 మందికే థైరాయిడ్ ఎక్కువ అవుతుంది. తొంభై ఐదు మందికి పైగా బాగుంటారు. కానీ ఆ లెక్కలో యాంటీబాడీలు తక్కువున్న తల్లులూ కలిసి ఉంటారు. యాంటీబాడీ గరిష్ఠ హద్దుకు 3 రెట్లు దాటితే బిడ్డను ప్రత్యేకంగా గమనించాలన్నది డాక్టర్లు పాటించే నియమం. మీది 8 రెట్లు. అందుకే మీ డాక్టరు తొందరపడుతున్నారు. అలాగని బిడ్డకు జబ్బు వచ్చేసినట్టు కాదు. కడుపులో బిడ్డ గుండె మామూలుగా నిమిషానికి 110 నుంచి 160 మధ్య కొట్టుకుంటుంది. ఒక్కసారి 168 చూపించడం బిడ్డ కదలికల వల్ల కూడా కావచ్చు, ఆ రోజు మీకు జ్వరం ఉన్నా కావచ్చు. పదేపదే చూసినా తగ్గకపోతే అప్పుడు దానికి అర్థం వేరు.

ఫీటల్ మెడిసిన్ వాళ్లు గుండె వేగం ఒక్కటే చూడరు. బిడ్డ మెడ దగ్గర గ్రంథి ఉబ్బిందా, బరువు పెరగడం మందగించిందా, ఎముకలు వయసుకు మించి ముదురుతున్నాయా, గుండె మీద భారం పడి ఒంట్లో నీరు చేరుతోందా అన్నవన్నీ చూస్తారు. విజయవాడ సూర్యారావుపేటలో అయినా గుంటూరు కొత్తపేటలో అయినా ఈ స్కానింగ్ చేసేవారు దొరుకుతారు. ఇంత జరిగాక "ఎక్కువ స్కానింగులు మంచిది కాదు" అన్న మాటకు మీరు ఆగకండి. ఆ స్కానింగ్ ధ్వని తరంగాలతో చేస్తారు, ఎక్స్‌రే లాంటిది కాదు. అవసరం ఉండి వారం వారం చేసినా దాన్ని పక్కన పెట్టాల్సిన కారణం లేదు.

ఆ స్కానింగ్ తర్వాత మీ ముందు రెండు దారులు ఉండొచ్చు.

అన్నీ బాగుండి గుండె వేగం మామూలుకు వస్తే, మందు మొదలుపెట్టకుండా గమనిస్తూ ఉండటం మొదటిది. వారానికో, రెండు వారాలకో స్కానింగ్, 30 నుంచి 34 వారాల మధ్య యాంటీబాడీ పరీక్ష మరోసారి. ఇందులో మందు గొడవ లేదు. కానీ ఒక్క వారం కూడా తప్పిపోకూడదు, ఎందుకంటే చివరి మూడు నెలల్లోనే యాంటీబాడీల దాడి ఎక్కువ. ఊరు మారినా, సీమంతం పనులున్నా, ఇంట్లో ఎవరితో మాట పట్టింపు వచ్చినా ఆ తేదీ తేదీయే.

బిడ్డకు థైరాయిడ్ ఎక్కువైన గుర్తులు స్పష్టంగా కనిపిస్తే కార్బిమజోల్ రెండోది. గ్రంథే లేని నాకెందుకు అన్నారు. ఈసారి ఆ మాత్ర మీ కోసం కాదు, మీ నోటి ద్వారా బిడ్డకు ఇస్తున్నారు. కార్బిమజోల్ మాయను బాగా దాటి బిడ్డ గ్రంథిని నెమ్మదింపజేస్తుంది. మీ థైరాక్సిన్ మాత్ర మాయను చాలా కొద్దిగానే దాటుతుంది, అది మీ అవసరం తీరుస్తుంది. కాబట్టి రెండు మాత్రలూ కలిపే వాడాలి. కార్బిమజోల్ మొదలైంది కదా అని థైరాక్సిన్ ఆపేస్తే మీ ఒంట్లో హార్మోను పడిపోతుంది. రెండూ ఒకదానికొకటి విరుద్ధమని మందుల షాపులోనో, చుట్టాల్లోనో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వాళ్ల మాట మీద ఆపకండి.

ఆ మాత్ర వల్ల పిల్లలకు అవకరాలు వస్తాయని మీరు ఎక్కడో చదివి ఉంటారు. అది గర్భం తొలి వారాల విషయం, ముఖ్యంగా 6 నుంచి 10 వారాల మధ్య. మీరు దాన్ని ఎప్పుడో దాటారు. ఇప్పుడుండే చిక్కు వేరు. మోతాదు ఎక్కువైతే బిడ్డ గ్రంథి మరీ మందగిస్తుంది. అందుకే తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, గుండె వేగాన్ని, గ్రంథి సైజును చూస్తూ సరిచేస్తారు. మీ వరకు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. మాత్ర వాడుతున్నప్పుడు గొంతునొప్పితో జ్వరం వస్తే మామూలు జలుబని ఊరుకోకుండా అదే రోజు రక్తంలో తెల్లకణాల లెక్క చూపించుకోవాలి. అరుదుగానే అయినా ఈ మందు తెల్లకణాలను బాగా తగ్గించేస్తుంది. ఏమీ చేయకుండా వదిలేస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి కదా. కొందరు బిడ్డలు ఎదగరు, నెలలు నిండకుండా పుడతారు, గుండె అలసిపోతుంది. మందు భయాన్ని దీని పక్కన పెట్టి చూడండి.

బిడ్డ బొడ్డుతాడు నుంచి రక్తం తీసి పరీక్షించే పద్ధతి కూడా ఒకటుంది. దానివల్ల బిడ్డకే ప్రమాదం ఉండొచ్చు కాబట్టి మిగతావాటితో తేలనప్పుడే ఆలోచిస్తారు. దాని గురించి ఇప్పుడే టెన్షన్ పడొద్దు.

తిండి గురించి రెండే మాటలు. అయోడిన్ ఉప్పు మానొద్దు, గర్భిణికీ బిడ్డకూ అది కావాలి. డాక్టరిచ్చిన ఐరన్, కాల్షియం మాత్రలకు, థైరాక్సిన్‌కు మధ్య 4 గంటలు ఎడం ఉంచండి.

ఇప్పుడు పురుడు. దీని గురించి కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే నేను పిల్లల్ని చూసింది ఇక్కడే.

చాలా ఏళ్ల కిందట ఒక నాయనమ్మ తొమ్మిది రోజుల పాపను నా దగ్గరికి తీసుకొచ్చింది. పాపకు కామెర్లేమోనని ఆవిడ అనుమానం. మాట్లాడుతున్నంతసేపూ మురిసిపోతూనే ఉంది. "గంటకోసారి పాలడుగుతుందండీ, ఎంత ఆకలో. కళ్లు చూశారా, ఇంతింత. ఒక్కచోట కుదురుగా ఉండదు, ఎంత చురుకో" అంది. పాపను తూకం వేశాను. పుట్టినప్పటికంటే నాలుగు వందల గ్రాములు తక్కువ. అంత పాలు తాగే పిల్ల బరువెందుకు తగ్గింది? గుండె మీద స్టెత్ పెడితే లెక్కపెట్టలేనంత వేగం. ఒళ్లు వెచ్చగా, చెమటగా ఉంది. తల్లి పక్కనే నిలబడి ఉంది. ఆమె పసుపుతాడు కాస్త పక్కకు జరిగినప్పుడు మెడ మీద అడ్డంగా సన్నటి మచ్చ కనిపించింది. "థైరాయిడ్ ఆపరేషన్ ఎప్పుడయిందమ్మా?" అని అడిగాను. ఆమె అత్తగారి వైపు చూసి తల దించుకుంది.

ఆ పాప బతికింది, బాగా పెరిగింది. కానీ ఆ తొమ్మిది రోజులూ ఆ ఇంట్లో జబ్బు గుర్తులన్నీ ముచ్చట్లుగా కనిపించాయి. పెద్ద కళ్లు, మంచి ఆకలి, చురుకుదనం. ఏడిస్తే దిష్టి తీశారు. విరేచనాలు పలచగా అయితే పాలు పడలేదన్నారు. తల్లి మెడ మీద మచ్చ గురించి ఒక్కరు నోరు విప్పి ఉంటే రెండో రోజే ఆ పాపకు రక్తపరీక్ష చేసేవాళ్లం. మీకు ఆపరేషన్ జరగలేదు కాబట్టి ఆ మచ్చ కూడా లేదు. మిమ్మల్ని చూసి పట్టుకోవడానికి ఏ డాక్టరుకూ ఆధారం ఉండదు. మీరు చెబితేనే తెలుస్తుంది.

ఇంకో సంగతి. పుట్టిన బిడ్డకు మడమ నుంచి రక్తపు చుక్క తీసి థైరాయిడ్ పరీక్ష చేశాం, నార్మల్ అని చాలాచోట్ల చెబుతారు. ఆ పరీక్ష సాధారణంగా టీఎస్‌హెచ్ ఎక్కువగా ఉన్న బిడ్డలను, అంటే హార్మోను తక్కువున్నవాళ్లను పట్టుకోవడానికి చేసేది. హార్మోను ఎక్కువున్న బిడ్డకు టీఎస్‌హెచ్ అడుగంటి ఉంటుంది. ఆ పరీక్షకు అది నార్మల్‌గానే కనిపించొచ్చు. మీ బిడ్డకు ఫ్రీ టీ4 (రక్తంలోని థైరాయిడ్ హార్మోను), టీఎస్‌హెచ్ రెండూ విడిగా చేయించాలి. పుట్టగానే బొడ్డుతాడు రక్తంలో యాంటీబాడీలు చూస్తారు. అవి లేవని వస్తే పెద్ద గండం గడిచినట్టే. ఉంటే 3 నుంచి 5 రోజుల మధ్య ఒకసారి, 10 నుంచి 14 రోజుల మధ్య మరోసారి రక్తపరీక్ష చేయించాలి. రెండోసారి ఎందుకంటే, మీరు కార్బిమజోల్ వాడుతూ ఉంటే ఆ మందు కొన్నాళ్లు బిడ్డ ఒంట్లో ఉండి జబ్బును కప్పేస్తుంది. అది దిగిపోయాక, వారం పది రోజులకు, అసలు రంగు బయటపడుతుంది. మన ఇళ్లల్లో సరిగ్గా అప్పుడే పదకొండో రోజు స్నానాలు, చుట్టాల రాక, బాలింతకు పథ్యాలు. బిడ్డ బరువు ఎవరికీ పట్టదు.

పుట్టిల్లు వద్దని నేననడం లేదు. తొలి పురుడు అమ్మ దగ్గర జరగాలన్న కోరిక మీకూ ఉంటుంది, ఆవిడకూ ఉంటుంది. అమ్మనే విజయవాడ రమ్మంటే డాక్టరు మారరు, స్కానింగులు తప్పిపోవు, ఫైలంతా ఒకచోట ఉంటుంది. అత్తగారింట్లో అమ్మ అన్ని రోజులు ఉండటానికి మొహమాటపడొచ్చు, అది మాట్లాడుకోవాలి. కాన్పు విజయవాడలో చేయించుకుని, రెండో రక్తపరీక్ష అయిన తర్వాత పద్నాలుగు పదిహేను రోజులకు పుట్టింటికి వెళ్లడం ఇంకో పద్ధతి. బారసాల 21వ రోజు కాబట్టి అది అక్కడే చేసుకోవచ్చు, అమ్మ ముచ్చటా తీరుతుంది. నాకు ఇదే మేలనిపిస్తోంది. లేదు, పుట్టిల్లే అనుకుంటే గుంటూరులో నవజాత శిశువుల ఐసీయూ ఉన్న ఆస్పత్రిలో ముందే పేరు రాయించుకుని, పిల్లల డాక్టరును ఎనిమిదో నెలలోనే కలిసి, ఏ రోజు ఏ పరీక్షో రాయించుకోండి. పల్లె నుంచి రెండుసార్లు పసిగుడ్డును ఎత్తుకుని గుంటూరు రావాల్సి ఉంటుంది, దానికి ముందే సిద్ధపడాలి. ఊళ్లోనో, పక్క టౌన్లోనో చిన్న నర్సింగ్ హోమ్‌లో కాన్పు చేయించుకోవడం ఒక్కటే మీ విషయంలో నేను ఒప్పుకోలేనిది.

బిడ్డకు నిజంగా థైరాయిడ్ ఎక్కువైనా భయపడి కూలబడొద్దు. మందుచుక్కల కొలతలో కార్బిమజోల్, గుండె వేగం తగ్గడానికి ప్రొప్రనలోల్ ఇస్తారు. మీ నుంచి వచ్చిన యాంటీబాడీలు బిడ్డ సొంతం కాదు, వాటిని బిడ్డ ఒళ్లు కొత్తగా తయారుచేయదు. దాదాపు మూడు వారాలకోసారి సగానికి తగ్గుతూ పోతాయి. ఎక్కువమంది పిల్లలకు రెండు మూడు నెలల్లో, కొందరికి ఆరు నెలల్లోపు మందు ఆపేస్తారు. ఆ తర్వాత కొన్నాళ్లు డాక్టరు పిలిచినప్పుడల్లా చూపిస్తూ ఉండాలి. మీ పాలు నిస్సంకోచంగా ఇవ్వండి. థైరాక్సిన్ వాడుతూ పాలివ్వొచ్చు. కార్బిమజోల్ బిడ్డ కోసమే వాడి ఉంటే కాన్పు కాగానే డాక్టరు దాన్ని ఆపించేస్తారు.

ఇక మిమ్మల్ని రాత్రిళ్లు కూర్చోబెడుతున్న విషయం.

ఆయనకు చెప్పకుండా గడపొచ్చా అంటే, మీ అనుమతి లేకుండా డాక్టరు మీ పాత జబ్బు సంగతి ఎవరికీ చెప్పరు. ఆ హక్కు మీది. కానీ దాని వెంట వచ్చేది చూడండి. వారం వారం స్కానింగులకు ఏదో ఒక కారణం చెప్పాలి. ఇంట్లో కార్బిమజోల్ స్ట్రిప్ దాచాలి. అన్నిటికంటే ఒక దృశ్యం నన్ను భయపెడుతోంది. అర్ధరాత్రి సిజేరియన్ అయి మీరు మత్తులో ఉన్నారు. వార్మర్ మీద బిడ్డ గుండె వేగంగా కొట్టుకుంటోంది. డ్యూటీ డాక్టరు బయటికొచ్చి "తల్లికి ఏమైనా జబ్బులున్నాయా?" అని అడుగుతాడు. అక్కడున్న మీ ఆయన, పాపం, తనకు తెలిసింది చెబుతాడు. "థైరాయిడ్ తక్కువండీ, మాత్ర వేసుకుంటుంది."

డాక్టరు గదిలో డాక్టరు చేత చెప్పించడం ఒక పద్ధతి. జబ్బు గురించి తప్పుడు భయాలు లేకుండా తెలుస్తుంది, మీకు అక్కడ తోడుంటుంది. కానీ ఆయన మొదటిసారి ఈ సంగతి వేరే మనిషి ముందు వింటాడు. భార్యకు తెలిసి, డాక్టరుకు తెలిసి, తనకే తెలియలేదన్నది జబ్బు కంటే ఎక్కువ గుచ్చుకోవచ్చు. అందుకే బుధవారం రాత్రి మీరే చెప్పి, గురువారం వివరాలు డాక్టరుకు వదిలేయడం మంచిదని నాకనిపిస్తోంది. ప్రకాశం బ్యారేజీ దగ్గరికో, ఇంటి మేడ మీదికో తీసుకెళ్లండి. ఇల్లంతా వింటుండగా వద్దు.

చెప్పేటప్పుడు ఒకటి మనసులో పెట్టుకోండి. మీ నాన్నగారు అబద్ధమాడలేదు కానీ సగమే చెప్పారు. మిగతా సగం మీరూ చెప్పలేదు. ఆయన 'దాచారు' అంటే అది నిజమే కదా. ఆ మాటతో వాదించకండి. దాచినందుకు క్షమించమని అడగండి, జబ్బు వచ్చినందుకు మాత్రం అడగకండి. అది ఎవరి తప్పూ కాదు. "నాకు 24 ఏళ్లప్పుడు థైరాయిడ్ ఎక్కువయ్యే జబ్బు వచ్చింది. దానికి చికిత్స చేస్తే గ్రంథి పోయింది, అందుకే ఈ మాత్ర. పెళ్లి చెడిపోతుందని భయపడి మీకు చెప్పలేదు, అది నా తప్పు. ఇప్పుడు దాని ప్రభావం బిడ్డ మీద ఉండొచ్చట. రేపు నాతో రండి." ఇంత చాలు. కారణాల మీద కారణాలు పేరిస్తే ఆయనకు వినే ఓపిక ఉండదు.

ఆయన ఒకటి రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. అది ఆయన బాధ, దానికి సమయం ఇవ్వండి. గురువారం రానంటే మీ అమ్మతోనో, అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్లతోనో వెళ్లండి. కోపతాపాలు తీరేదాకా స్కానింగ్ ఆగకూడదు.

అత్తగారికి మీ గతం అంతా ఒకేసారి చెప్పక్కర్లేదు. ఎంత చెప్పాలో, ఎవరు చెప్పాలో మీరిద్దరూ అనుకోండి, ఆయన చెబితే ఇంకా మేలు. ఆవిడకు తప్పక తెలియాల్సింది బిడ్డ సంగతి. మనవడో మనవరాలో పాలు బాగా తాగుతూ కూడా బరువు పెరగకపోతే, నిద్రలో కూడా గుండె దడదడలాడుతుంటే, ఒళ్లు చెమటలు పడుతుంటే దిష్టి తీస్తూ కూర్చోకుండా ఆస్పత్రికి పరుగెత్తాలని ఆవిడకు తెలియాలి. రోజూ స్నానం చేయించేది, ఒళ్లో పడుకోబెట్టుకునేది ఆవిడే కదా. స్కానింగులు వద్దన్న ఆవిడే, బిడ్డ బరువు రాసే పుస్తకం చేతికిస్తే అందరికంటే జాగ్రత్తగా రాస్తారని నా నమ్మకం. అలాంటి నాయనమ్మల్ని చాలామందిని చూశాను.

గురువారానికి ముందు ఒక పని చేయండి. ఫైలు మొదటి పేజీ మీద ఎర్ర ఇంకుతో, తెలుగులోనే, పెద్ద అక్షరాలతో రాయండి: 'తల్లికి గ్రేవ్స్ వ్యాధి ఉండేది. రేడియో అయోడిన్ ఇచ్చారు. యాంటీబాడీ 14, హద్దు 1.75. బిడ్డ పుట్టగానే పిల్లల డాక్టరుకు చెప్పాలి. ఫ్రీ టీ4, టీఎస్‌హెచ్: 3-5 రోజుల మధ్య, 10-14 రోజుల మధ్య.' కింద మీ డాక్టరు ఫోన్ నంబరు వేయండి. ఆ పేజీ ఫోటో మీ ఆయన ఫోన్లో, అమ్మ ఫోన్లో ఉంచండి.